మద్దిలేటి ఛాతీలో ప్రభుత్వ ఖనిజం

తెల్లకుంటలో దుమ్ము లేదు. ఇది నా మాట కాదు, ప్రభుత్వం మాట. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు గారు ఏడాదికొకసారి వచ్చి, మా ఊరి పద్నాలుగు పౌడరు మిల్లులూ తిరిగి, ‘దుమ్ము: లేదు’ అని రాసి సంతకం పెట్టి పోతారు. ఆయన ఏ రోజు వచ్చేదీ వారం ముందే ఓనర్లకు తెలుస్తుంది. ఆ రోజు మిల్లులు తిప్పరు. నేలంతా నీళ్ళు చల్లి పెడతారు. తిప్పని మిల్లులో దుమ్ము ఎక్కడినుంచి వస్తుంది? కాబట్టి ఆ రిపోర్టు అబద్ధమని ఎవరూ అనలేరు.

మిగతా మూడువందల అరవై నాలుగు రోజులు మా ఊళ్ళో వేపచెట్లు తెల్లగా ఉంటాయి. బర్రెలు తెల్లగా ఉంటాయి. ఉదయం ఆరేసిన చీర మధ్యాహ్నానికి దులిపితే పిండి రాలుతుంది. అది దుమ్ము కాదు. దుమ్ము లేదని చెప్పాను కదా.

మా మిల్లులు చేసే పని పలుగురాయిని పొడి చేయడం. కొండల్లోంచి టిప్పర్లలో రాయి వస్తుంది. క్రషర్ దాన్ని కంకర చేస్తుంది, పల్వరైజరు ఆ కంకరను గోధుమపిండి కన్నా మెత్తగా విసురుతుంది. జల్లెడ పట్టి, సంచులకెత్తి లారీలకు వేస్తారు. మీ కిటికీ అద్దం, మీ నీళ్ళ సీసా, మీ స్నానాలగది గోడకున్న టైలు, ఇనుము కరిగించే కొలిమి లోపలి పూత, అన్నీ ఆ పొడే. ఇంత ముఖ్యమైన పొడి కాబట్టి ప్రభుత్వం దాని మీద టన్నుకింత అని సీనరేజీ రుసుము వసూలు చేస్తుంది. రవాణా పర్మిటు లేకుండా ఒక్క సంచి కూడా కదలకూడదు.

మద్దిలేటి మా మిల్లులో సంచి మూతి పట్టేవాడు. గొట్టం కింద సంచి పెట్టి, మూతి రెండు చేతులతో బిగించి పట్టుకుంటే పొడి దబదబా దిగుతుంది. మూతి ఎంత బిగించినా కొంత మొహానికి కొడుతుంది. పద్నాలుగేళ్ళు ఆ పని చేశాడు. ఇప్పుడు నలభై ఒకటి. రెండు మెట్లు ఎక్కితే మూడో మెట్టు మీద కూర్చుంటాడు. పడుకుంటే ఊపిరాడదు కాబట్టి రాత్రులు గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతాడు. ఊరి ఆసుపత్రిలో అతనికి మూడుసార్లు టీబీ కోర్సు ఇచ్చారు. మూడుసార్లూ శ్రద్ధగా మింగాడు. దగ్గు అలాగే ఉంది.

చివరికి అతని పెళ్ళాం హుసేనమ్మ చెవికమ్మలు కుదువపెట్టి టౌన్లో మిషనరీ ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడి డాక్టరు ఎక్స్‌రే తీసి, ‘ఇది టీబీ కాదు. రెండు ఊపిరితిత్తుల్లోనూ సిలికా పొడి పేరుకుంది. మిల్లు పని వెంటనే మానాలి’ అని రాసిచ్చాడు.

ఆయన రాసింది నిజమే కానీ చెల్లదు. చెల్లాలంటే జిల్లా మెడికల్ బోర్డు రాయాలి. బోర్డు ‘సిలికా జబ్బు’ అని ఒక్క ముక్క రాస్తే పింఛను వస్తుంది, ఇంటికి ఆక్సిజన్ మిషన్ వస్తుంది. రాయకపోతే మళ్ళీ సంచి మూతి. తొమ్మిదేళ్ళలో తెల్లకుంట వాళ్ళెవరికీ బోర్డు ఆ ముక్క రాయలేదు. దుమ్ము లేని ఊరికి దుమ్ము జబ్బు ఎలా వస్తుంది అన్నది వాళ్ళ ప్రశ్న. నేను మిల్లు కార్మికుల సంఘం కార్యదర్శిని. ఈ తొమ్మిదేళ్ళలో నలభై అర్జీలు రాశాను. నలభైకీ జవాబు అదే ప్రశ్న.

అలాంటి రోజుల్లో గనుల శాఖకు ‘సున్నా లీకేజీ వారోత్సవాలు’ వచ్చాయి.

*

వారోత్సవాలను మా మిల్లు గేటు దగ్గర అసిస్టెంట్ డైరెక్టరు పురందరయ్య గారు రిబ్బను కత్తిరించి ప్రారంభించారు. మనిషి నిజాయితీపరుడు. ఓనరిచ్చిన కాఫీ కూడా తాగలేదు. ఇంటినుంచి తెచ్చుకున్న సీసాలో నీళ్ళు తాగి మైకు పట్టుకున్నారు.

“ప్రియమైన కార్మిక సోదర సోదరీమణులారా! గత మాసంలో ఈ మిల్లులోకి తొమ్మిదివందల యాభై టన్నుల రాయి ప్రవేశించియున్నది. తొమ్మిదివందల ముప్పై ఒక్క టన్నుల పొడి మాత్రమే నిష్క్రమించియున్నది. తేడా పంతొమ్మిది టన్నులు. దుమ్ము రూపేణా పోయిందా? లేదు. దుమ్ము లేదని సోదర శాఖ లిఖితపూర్వకంగా ధ్రువీకరించియున్నది. మరి ఎక్కడ? ప్రభుత్వ ఖనిజం ఎక్కడ?”

నేను చెయ్యెత్తాను. “సార్, ఒక్కసారి తల పైకెత్తి చూడండి. ఆ రేకుల సందులోంచి పోయేదే ఆ పంతొమ్మిది టన్నులు.”

ఆయన తల ఎత్తలేదు. “ఒక శాఖ లేదని రాసినదాన్ని ఇంకొక శాఖ చూడటం సమన్వయలోపం అవుతుందయ్యా.”

దుమ్ము లేదు. పొడి తగ్గింది. గేటు దాటి బయటికి పోయేది లారీలు, కార్మికులు మాత్రమే. లారీలకు పర్మిటు ఉంది. కాబట్టి కార్మికులే తీసుకుపోతున్నారు. ఎక్కాల పుస్తకంలో లెక్కలా తేలిపోయింది.

మరుసటి రోజు గేటు దగ్గర కాటా పెట్టారు. లోపలికి పోయేటప్పుడు ఒక బరువు, బయటికి వచ్చేటప్పుడు ఒక బరువు. ఎనిమిది గంటలు పల్వరైజరు పక్కన చెమటలు కక్కిన మనిషి అర కిలో తగ్గి వస్తాడు. సాయంత్రానికి లెక్క చూస్తే రెండువందల పన్నెండు మందీ కలిసి మిల్లుకే నూట ఆరు కిలోలు ఇచ్చి వచ్చినట్టు తేలింది. పురందరయ్య గారు కాటాను అనుమానించి తీసేయించారు.

తర్వాత బ్రష్షులు వచ్చాయి. పని దిగిన ప్రతి మనిషినీ గుడ్డ మీద నిలబెట్టి, తల, కనుబొమలు, చెవులు, లుంగీ మడతలు బ్రష్షుతో దులిపి, రాలినది తూచి, రిజిస్టరులో రాసి మళ్ళీ మిల్లులో పోసేవారు.

హుసేనమ్మ కూడా సంచులు కుట్టే పనిలో ఉండేది. ఆమె వంతు వచ్చింది. బ్రష్షు పట్టుకున్న అటెండరు ఆమె కొప్పు విప్పమన్నాడు.

“ఇప్పుతా గానీ, తలలో పేలు కూడా ఉండాయి నాయనా. అవి ఏ శాఖకు పోతాయో ముందు కనుక్కోని రాపో,” అంది.

వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. మద్దిలేటి కూడా నవ్వబోయి దగ్గులో పడ్డాడు. దగ్గు తగ్గేవరకూ వరస ఆగింది. అతను గుడ్డ మీద కూర్చుండిపోయాడు. అటెండరు అతని కింద చిక్కుకున్న గుడ్డను జాగ్రత్తగా లాగి, రాలిన పొడిని తూచి, నలభై గ్రాములు అని రాసుకున్నాడు.

వారం రోజుల్లో బ్రష్షులకు దొరికింది ముప్పై ఒక్క కిలో. పంతొమ్మిది టన్నులకు అది ఏ మూలకూ రాదు. ‘దర్యాప్తు లోతుగా కొనసాగించవలసియున్నది’ అని పురందరయ్య గారు ఫైలు మీద రాశారు.

*

ఆ సోమవారం అర్జీల రోజు. నేను, హుసేనమ్మ, మద్దిలేటి కలెక్టరాఫీసుకు పోయాం. మద్దిలేటిని బోర్డు చూడాలని అర్జీ, దానికి మిషనరీ డాక్టరు చీటీ, ఎక్స్‌రే నకలు జతచేశాను. కంప్యూటరు ముందున్న గుమాస్తా అర్జీ చదివి, తెర మీద వెతికాడు.

“వైద్యశాఖ కింద జ్వరం ఉంది. డెంగీ ఉంది. కుక్కకాటు, పాముకాటు, ఆసుపత్రి శుభ్రత ఉన్నాయి. సిలికా లేదే?”

“ఇతరములు అని ఉంటుంది చూడండి సార్,” అన్నాను.

“ఇతరములు పోయిన నెల తీసేశారు. అందరూ అదే నొక్కుతున్నారట.” ఇంకాస్త కిందికి జరిపాడు. మొహం వెలిగింది. “ఇదిగో సిలికా. గనుల శాఖ కింద ఉంది.”

“ఊపిరితిత్తుల్లో ఉన్న సిలికా సార్!”

“ఎక్కడుందో అడగట్లేదు కంప్యూటరు. ఏముందో అడుగుతోంది.” నొక్కేశాడు. చీటీ చేతికొచ్చింది: ‘మీ అర్జీ పరిష్కార మార్గంలో ఉన్నది.’

నాకు అనుమానం వచ్చి ఇంకో నకలు తిన్నగా మెడికల్ బోర్డుకు రిజిస్టర్డు పోస్టులో పంపాను. అది మంచిదే అయింది, ఎందుకో ముందుముందు తెలుస్తుంది.

*

మూడోరోజు పొద్దున్నే పురందరయ్య గారు ఇద్దరు సిబ్బందితో, టేపుతో, లక్కతో, సీళ్ళతో మద్దిలేటి ఇంటి ముందు జీపు దిగారు. నన్ను కూడా పిలిపించారు, పంచనామాకు సాక్షి కావాలి కాబట్టి.

ఆయన ఎక్స్‌రేను ఎండకు పట్టుకుని చాలాసేపు చూశారు. ముఖంలో భక్తి లాంటిదేదో వచ్చింది.

“తూర్పు బ్లాకులో సాంద్రత ఎక్కువ,” అన్నారు, కుడి ఊపిరితిత్తి మీద వేలు పెట్టి. “పడమర బ్లాకులో పైభాగం పలచగా ఉన్నా అడుగున మంచి మందం ఉంది. విస్తీర్ణం, మందం, పలుగురాయి సాంద్రత రెండు పాయింటు ఆరు అయిదు...” సిబ్బందిలో ఒకతను క్యాలిక్యులేటరు నొక్కాడు. “మూడువందల పన్నెండు గ్రాములు సార్.”

“రెండువందల మెష్ జల్లెడలో దిగేదాని కన్నా మెత్తనిది. ఇనుము మలినం తక్కువ. గ్లాసు గ్రేడు!” మద్దిలేటి వైపు తిరిగారు. “ఇంత నాణ్యమైన సరుకు ఎన్నేళ్ళుగా పెట్టుకున్నావు?”

“నేనేం పెట్టుకోల్యా సా. అదే వచ్చి కూచున్యాది.”

“పర్మిటు ఉందా?”

“ల్యా.”

“రాసుకోండి.”

పంచనామా రాశారు. ‘సదరు మద్దిలేటి అను వ్యక్తి తన ఛాతీ యందు రెండు అరలలో 312 గ్రాముల ప్రభుత్వ ఖనిజమును ఎట్టి అనుమతియు లేక నిల్వ ఉంచుకొనినట్లు అతని అర్జీ ద్వారా స్వయంగా ఒప్పుకొనియున్నాడు.’

హుసేనమ్మ చేతులు జోడించింది. “మంచిది సా. అది మీదే. సంతోషంగా తీస్కపోండి. మొత్తం గీకి తీస్కపోండి. మా ఆయప్పను మాత్రం ఈడ వదిలిపెట్టండి.”

“తవ్వకానికి పర్యావరణ అనుమతి రావాలమ్మా. ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. అంతవరకు సీజు చేస్తాం.”

సీలు ఎక్కడ వేయాలన్న చర్చ కొంచెంసేపు జరిగింది. ముక్కుకు వేస్తే మనిషి పోతాడని నేను గట్టిగా చెప్పాను. చివరికి చొక్కా గుండీల మీద లక్క పోసి ముద్ర కొట్టారు. తర్వాత షరతులు చదివి వినిపించారు. సీజు చేసిన సరుకుకు మద్దిలేటే జిమ్మాదారు. దాన్ని తగ్గించరాదు, కల్తీ చేయరాదు, మండలం దాటించరాదు. ప్రతి నెలా తనిఖీ ఉంటుంది.

“దగ్గొచ్చునా సా?” అని అడిగాడు మద్దిలేటి. అతను చాలా పద్ధతైన మనిషి.

పురందరయ్య గారు ఆలోచించారు. “అత్యవసరమైతే దగ్గు. వచ్చినది డబ్బాలో పట్టి, తేదీ వేసి పెట్టు.”

*

మెడికల్ బోర్డు నుంచి మద్దిలేటికి తేదీ వచ్చింది. తొమ్మిదేళ్ళ నా పదవిలో ఒక్క అర్జీకి తేదీ రావడం అదే మొదలు. సంబరపడి బస్టాండుకు పోబోతుంటే గనుల శాఖ అటెండరు అడ్డం వచ్చాడు. జిల్లా కేంద్రం మండలానికి బయట ఉంది. పర్మిటు కావాలి.

పురందరయ్య గారు పర్మిటు ఇవ్వడానికి ఏమాత్రం ఏడిపించలేదు. నిబంధనలు మాత్రం చెప్పారు. ఖనిజాన్ని ఆర్టీసీ బస్సులో తరలించడానికి వీల్లేదు. నమోదైన వాహనమే కావాలి. వేబ్రిడ్జి తూకం ఉండాలి. పైన టార్పాలిన్ కప్పాలి.

పర్మిటులో ‘సరుకు తీసుకొనువారు’ అనే గడి ఉంది. ఆయన తానే రాశారు: చైర్మన్, జిల్లా మెడికల్ బోర్డు.

మిల్లుకు రాయి తోలే ఖాజా తన టిప్పరు ఇస్తానన్నాడు. “మద్దిలేటన్న కోసం ఏమైనా తోలుతా,” అన్నాడు. టార్పాలిన్ సంగతి వినేసరికి దిగాలుపడ్డాడు. “మనిషికి పట్ట కప్పితే ఊపిరెట్ల ఆడతాది సార్?”

“పట్ట కప్పవలసినది సరుకుకు. సరుకు ఛాతీలో ఉంది. తల బయట పెట్టుకోవడానికి శాఖకు అభ్యంతరం లేదు,” అన్నారు పురందరయ్య గారు ఉదారంగా.

టిప్పరు వెనక చాప పరిచి, దిండ్లు పేర్చి, మద్దిలేటిని ఆనుకోబెట్టి, మెడ దాకా టార్పాలిన్ కప్పి నాలుగు మూలలా తాళ్ళు కట్టారు. హుసేనమ్మ అతని పక్కనే కూర్చుంటానంది. ఆమె పేరు పర్మిటులో లేదు. నాతోపాటు ముందు క్యాబిన్లో కూర్చుంది, అద్దంలోంచి వెనక్కి చూస్తూ.

వేబ్రిడ్జి పది కిలోలకు తక్కువ చూపించదు. మద్దిలేటి ఎక్కకముందు, ఎక్కినాక తూస్తే తేడా నలభై కిలోలని చీటీ వచ్చింది. పర్మిటు మూడువందల పన్నెండు గ్రాములకు. ఓవర్‌లోడు అన్నాడు కాటా అతను. మిగతాది మనిషి అని నేను రాసిచ్చాను.

చెక్‌పోస్టు దగ్గర కాపలాదారు కర్ర అడ్డంపెట్టి, వెనక్కి ఎక్కి, ఒక్క క్షణం నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

“ఏం సరుకు?”

“పలుగు పొడి,” అన్నాడు ఖాజా.

“యాడుంది?”

“నాలోపల ఉండాది సా,” అన్నాడు మద్దిలేటి టార్పాలిన్ పైనుంచి.

కాపలాదారు పర్మిటు రెండుసార్లు చదివాడు. “ఎన్నాళ్ళనుంచి ఉండాది?”

“పద్నాలుగేండ్లు.”

“పర్మిటు నాలుగు గంటలే ఇచ్చినారే.” కిందికి దిగి, కర్ర ఎత్తుతూ, క్యాబిన్లో ఉన్న మాకు మాత్రమే వినబడేలా అన్నాడు. “మా తమ్ముడు కూడా ఇట్లనే దగ్గుతాడు. ఆరో నంబరు మిల్లు. వాణ్ణి ఎవురికీ చూపియ్యొద్దని ఇంట్లో చెప్తా. పోండి, పోండి.”

*

మెడికల్ బోర్డు అంటే పొడుగు బల్ల వెనక ముగ్గురు డాక్టర్లు. మధ్యలో చైర్మన్. మద్దిలేటి ఎదుట స్టూలు మీద కూర్చుని ఎగరోజుతున్నాడు. చైర్మన్ అతన్ని చూడలేదు, ఫైలు చూశారు.

“ఫ్యాక్టరీల శాఖ నివేదిక ప్రకారం సదరు మిల్లులో దుమ్ము లేదు. దుమ్ము లేని చోట దుమ్ము జబ్బు వైద్యశాస్త్ర రీత్యా అసాధ్యం. టీబీ కోర్సు నాలుగోసారి ప్రారంభించవలెను.” కలం మూత తీశారు.

నేను లేచి అరవబోతుంటే ఖాజా పర్మిటు పట్టుకుని లోపలికి వచ్చాడు.

“సార్, సరుకు ముట్టినట్టు ఒక సంతకం.”

“నేనెందుకు పెడతాను?”

“తీసుకునేవారు అని మీ పేరుండాది సార్. మూడునూర్ల పన్నెండు గ్రాములు. మీరు ఉందంటే సంతకం పెట్టండి. ల్యాదంటే దావలో అమ్ముకున్యట్టు లెక్క. నా బండి పట్టుకుంటారు. మీకు నోటీసొస్తాది.”

“నాకా? నాకెందుకు?”

“దొంగ సరుకు దించుకున్యారని సార్. మొన్న సిమెంటు ఫ్యాక్టరీ మేనేజరుకు అట్లనే వచ్చింది. పాపం, వాయిదాలకు తిరగతాండాడు.”

ముగ్గురు డాక్టర్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చైర్మన్ లేచి వచ్చారు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి తెల్లకుంట మనిషి వీపు మీద స్టెతస్కోపు పెట్టారు. ఒకచోట పెట్టి, ఇంకోచోట పెట్టి, మళ్ళీ మొదటిచోట పెట్టారు. ఆయన మొహం కొంచెం మారింది. ఆయన చెడ్డ డాక్టరు కాదు. తర్వాత మళ్ళీ కుర్చీలోకి వెళ్ళి చైర్మన్ అయ్యారు.

రెండు కాగితాల మీదా సంతకం పెట్టారు. పర్మిటు మీద: ‘ఖనిజం ముట్టినది. 312 గ్రాములు. నాణ్యత బాగున్నది.’ సర్టిఫికెట్టు మీద: ‘జబ్బు: లేదు.’

“ఇదేంది సార్? పొడి ఉందంటారు, జబ్బు లేదంటారు!” అన్నాను.

“ఖనిజం మా శాఖ విషయం కాదు. కాబట్టి ఉన్నదనడానికి మాకు ఇబ్బంది లేదు. జబ్బు మా శాఖ విషయం. దానికి ముందు దుమ్ము ఉండాలి. దుమ్ము ఫ్యాక్టరీల శాఖ విషయం.”

“మనిషి ఎవరి విషయం సార్?”

“తర్వాతి కేసు,” అన్నారు చైర్మన్.

తిరుగు ప్రయాణానికి పర్మిటు అక్కర్లేదు, సరుకు ముట్టిపోయింది కదా. మద్దిలేటి క్యాబిన్లో మా మధ్య కూర్చుని వచ్చాడు. 

*

ఆ రెండు కాగితాలూ పురందరయ్య గారి బల్ల మీదికి చేరాయి. ఆయన వాటిని పక్కపక్కన పెట్టుకుని, తన జీవితంలో అత్యంత స్పష్టమైన కేసు చూశారు. మిల్లులో దుమ్ము లేదు. కాబట్టి ఖనిజం తనంతట తాను గాలిలో వచ్చి చేరలేదు. మద్దిలేటికి జబ్బు లేదు. కాబట్టి పూర్తి ఆరోగ్యంతో, స్పృహతో ఉన్నాడు. అయినా లోపల ఖనిజం ఉంది. కాబట్టి కావాలనే తీసుకున్నాడు. ‘ముక్కు మార్గమున ప్రభుత్వ ఖనిజము అక్రమ తరలింపు’ అని కేసు కట్టారు. బోర్డు సరుకు ముట్టినదని రాసింది గానీ దించుకోలేదు కాబట్టి, జిమ్మాదారుగా మళ్ళీ మద్దిలేటినే రాశారు.

అక్కడితో ఆగితే ఆయన పురందరయ్య కారు. రెండువందల పన్నెండు మంది కార్మికులు, నాలుగువందల ఇరవై నాలుగు ముక్కు రంధ్రాలు. మిల్లుకు గేటు ఒక్కటే అనుకుంటున్నాం, ఇన్ని అనధికార మార్గాలుంటే లీకేజీ ఎందుకాగుతుంది? వెంటనే ఓనరుకు ఉత్తర్వు వెళ్ళింది: ప్రతి ముక్కుకూ మంచి మాస్కు బిగించాలి, పొడి లేచే ప్రతిచోటా నీళ్ళు చిమ్మాలి, గొట్టానికీ సంచికీ మధ్య సందు లేకుండా మూసేయాలి.

ఈ మూడే మేము ఇరవై ఏళ్ళుగా అడుగుతున్నాం. రెండు సమ్మెలు చేశాం. దుమ్ము లేనప్పుడు మాస్కెందుకని ఓనరు అనేవాడు. ఇప్పుడు మారు మాట్లాడకుండా పదిరోజుల్లో బిగించాడు. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు గారు ఉరుకులు పరుగుల మీద వచ్చి, మాస్కులు పెడితే దుమ్ము ఉన్నట్టు అవుతుందని అభ్యంతరం చెప్పారు. “ఇవి దుమ్ముకు కాదు, దొంగతనానికి,” అని పురందరయ్య గారు వివరించారు. అలాగైతే అభ్యంతరం లేదని ఆయన రాసిచ్చారు.

మాస్కు మీద ‘ఖనిజ చౌర్య నిరోధకము’ అని అచ్చేశారు. కుర్రకారుకు రోషం వచ్చింది, పెట్టుకోం అన్నారు. “నోర్మూసుకుని తగిలించుకోండి,” అన్నాను. తగిలించుకున్నారు.

మద్దిలేటికి మాత్రం మాస్కు అందేసరికి పద్నాలుగేళ్ళు ఆలస్యమైంది.

*

రెండో నెల తనిఖీకి పురందరయ్య గారు వచ్చేసరికి మద్దిలేటి పెదవులు నేరేడు రంగులోకి తిరిగాయి. సీలు వేసిన చొక్కా ఎముకల మీద వేలాడుతోంది. మాట రావడం లేదు. డబ్బా మాత్రం తేదీ వేసి పక్కన పెట్టుకున్నాడు.

ఆయన డబ్బా తూచి రాసుకుంటుంటే హుసేనమ్మ ఎదురుగా కూర్చుంది.

“సా, ఒకటి అడుగుతా చెప్పండి. ఈయప్ప ఇంక పదైదు దినాలు కూడా ఉండడు. పోతే ఏం జెయ్యల్ల? పూడ్చల్లనా? కాల్చల్లనా?”

ఆయన కలం ఆగింది. “పూడిస్తే... సీజు చేసిన ఖనిజాన్ని అనుమతి లేకుండా భూమిలో పారబోసినట్టవుతుంది.”

“కాల్చేదా?”

“బూడిదలో కలిసి గ్రేడు దెబ్బతింటుంది.” ఆయనకు చెమట పట్టింది. కేసు సరుకు చెడిపోతే జవాబు చెప్పుకోవలసినవాడు ఆయనే. “అలా కాకూడదమ్మా. నిల్వ కేంద్రం చెక్కుచెదరకుండా ఉండాలి!”

“అట్లయితే నిలబెట్టండి. మీ గోదామే గదా, కూలిపోతాంది. నాకేమన్నా మేస్త్రీ పని తెల్సునా?”

రెండు రోజుల్లో ఆక్సిజన్ మిషన్ వచ్చింది. వైద్యశాఖ తొమ్మిదేళ్ళలో ఒక్కటీ ఇవ్వలేదు. గనుల శాఖ ‘గోదాముల నిర్వహణ’ పద్దు కింద రెండు రోజుల్లో ఇచ్చింది. ‘కేసు పరిష్కారమగు వరకు మాత్రమే’ అని మిషన్ మీద కాగితం అంటించారు.

ఆ మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి మిషన్ గుర్రుమంటోంది. మద్దిలేటి ముక్కుకు గొట్టం పెట్టుకుని చాప మీద పడుకుని ఉన్నాడు. గోడకు ఆనుకుని కాదు, పడుకుని. హుసేనమ్మ నోటిమీద వేలు పెట్టి నన్ను గడపలోనే ఆపింది. “సంవత్సరమైంది ఓబులన్నా, ఈయప్ప నడుం వాల్చి,” అంది మెల్లగా. పెదవులకు రంగు తిరిగి వస్తోంది.

*

మాస్కులు, నీళ్ళు వచ్చాక మిల్లులో తేడా పంతొమ్మిది టన్నుల లెక్కనుంచి రెండు టన్నుల లెక్కకు పడింది. పై అధికారులు ఆశ్చర్యపోయారు. పురందరయ్య గారికి ఉత్తమ అధికారి ప్రశంసాపత్రం, పెద్ద జిల్లాకు బదిలీ వచ్చాయి. పోయేముందు ఆయన మద్దిలేటి ఇంటికి వచ్చారు. చేతిలో ఫైలు, మొహంలో చిరునవ్వు, వెనక ఇద్దరు అటెండర్లు.

“మీరు నన్ను కఠినుడని అనుకుని ఉంటారు. కానీ నాకూ హృదయం ఉంది. ఇంత చిన్న పరిమాణానికి ఒక పేదవాణ్ణి ఏళ్ళ తరబడి తిప్పడం శాఖ ఉద్దేశం కాదు. కేసు ఉపసంహరించుకుంటున్నాం. మద్దిలేటీ, నువ్వు నిర్దోషివి! ఇక్కడ వేలిముద్ర వెయ్యి.” అటెండర్లకు సైగ చేశారు. ఒకడు మిషన్ ప్లగ్గు దగ్గర వంగాడు.

మద్దిలేటి చెయ్యి గొట్టం మీదికి పోయింది. ప్లగ్గు వైపే చూస్తున్నాడు.

హుసేనమ్మ వంగినవాడికీ గోడకూ మధ్య దూరింది.

“నిర్దోషా? ఎవరు సా చెప్పింది? మా ఆయప్ప దొంగ!”

“అమ్మా, నేను మీకు మేలు...”

“పద్నాలుగేండ్లు దొంగతనం చేసినాడు. సంచి సంచికీ ఇంత మింగినాడు. నా కండ్లతో జూసినా, యాడ సాచ్చికం చెప్పమంటే ఆడ చెప్తా. ఓబులన్నా, నువ్వు జూళ్ళా?”

“చూశాను,” అన్నాను. “రోజూ చూశాను. పక్కా దొంగ.”

“విన్యారా? సంగం సెక్రెట్రీనే చెప్తాండాడు. రాసుకోండి సా. ముందు వాణ్ణి ఆ వైరు మీదినుంచి చెయ్యి తీయమనండి.”

పురందరయ్య గారు ఇబ్బందిపడ్డారు. ఇద్దరు సాక్షులు నేరం జరిగిందని చెబుతుంటే కేసు ఎత్తేయడానికి నిబంధన ఒప్పుకోదు. ఆయన నిబంధన దాటిన మనిషి కాదు. అటెండరు చెయ్యి తీశాడు. మిషన్ గుర్రుమంటూనే ఉంది.

“అయితే వాయిదా వేయవలసియుంటుంది,” అన్నారు, ఫైలు మళ్ళీ తెరిచి కలం పట్టుకుని. “ఎంతకాలం వేయమంటారు?”

హుసేనమ్మ వెనక్కి తిరిగి మొగుడి వైపు చూసింది. అతను కళ్ళు మూసుకుని, రెండు చేతులతో గొట్టం పట్టుకుని, మెల్లగా ఊపిరి తీసుకుంటున్నాడు.

“ఆయప్ప ఎంతకాలముంటే అంతకాలం వెయ్యండి సా.”